చిన్నమాటల ఆఫీసూ చెంచాడు తోడూ

వైకుంఠయ్యకు ఇరవై రెండేళ్లుగా ఒక సందేహం ఉంది. దేవుడున్నాడా లేడా అనేలాంటిది కాదు. ఆ సంగతిలో ఆయనకు ఏనాడూ అనుమానం లేదు. నందిగుంట రథం బజారులో పూజసామాన్ల కొట్టు పెట్టుకుని, కర్పూరం తూచేటప్పుడు ముల్లు రవ్వంత కొనేవాడి వైపే మొగ్గేలా చూసుకుంటూ బతికిన మనిషి ఆయన. ఆయన సందేహమల్లా, తన ఇంట్లో పెరుగు ఎవరిదీ అని.

పాలు తనవే. కుండ తనదే. కాచేది భార్య వరాలమ్మ. కానీ ఆ పాలలో మొట్టమొదట పడిన తోడు మాత్రం పక్కింటి హుసేన్‌బీది. ఇరవై రెండేళ్ల కిందట వరాలమ్మకు వడదెబ్బ తగిలి, మూడు రోజులు కళ్లు తెరవకుండా పడుకుని, నాలుగో రోజు లేచి మంచినీళ్లడిగింది. ఆ పూటే వైకుంఠయ్య మొక్కుకున్నాడు: ఏటా శ్రీరామనవమి నుంచి మృగశిర కార్తె దాకా ఇంటి ఎదుట చలివేంద్రం పెట్టి, దారిన పోయేవాళ్లకు నీళ్లూ మజ్జిగా పోస్తానని. తీరా నవమి రేపనగా పిల్లి దూరి పెరుగుగిన్నె నేలపాలు చేసింది. పాలున్నాయి, తోడు లేదు. గోడ మీంచి హుసేన్‌బీ నీలంపువ్వుల పింగాణీ గిన్నెలో చెంచాడు పెరుగు అందించింది.

"రేపే తెచ్చిస్తా చెల్లెమ్మా," అన్నాడు వైకుంఠయ్య.

ఆ బజారులో తోడు విషయంలో ఒక కట్టుబాటు ఉంది. దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు. తీసుకున్నవాళ్లు తోడే తిరిగివ్వాలి, అదీ సొంతది. ఇచ్చినవాళ్ల తోడుతో పేరుకున్న పెరుగే పట్టుకెళ్లి ఇస్తే, వాళ్లది వాళ్ల చేతిలో పెట్టినట్టే గాని బాకీ తీరినట్టు కాదు. మర్నాడు గిన్నె నిండా పెరుగు తీసుకుని బయల్దేరిన వైకుంఠయ్య గడప దగ్గరే ఆగిపోయాడు. ఇది ఆమె తోడుతో పేరుకున్నదే కదా! ఆ మర్నాటి పెరుగు ఇవాళ్టి పెరుగుతో పేరుకుంది. అలా ఇరవై రెండేళ్లు గడిచాయి. గిన్నె మాత్రం కడిగి, నాలుగు అరటిపళ్లతో ఆ వారమే పంపించేశాడు.

"ఇంకెవరి ఇంట్లోంచయినా తోడు తెచ్చి, దాంతో పెరుగు చేసి ఇచ్చెయ్యరాదూ?" అనేది వరాలమ్మ.

"అప్పుడు వాళ్లకి బాకీ పడతాం గదే!"

రామాలయం పూజారిని అడిగితే, "ప్రసాదం తినేటప్పుడు ఇవన్నీ ఆలోచిస్తే అరగదండీ," అన్నాడు.

ఇలాంటి మనిషికి చిన్నమాటల ఆఫీసుతో పని పడింది.

ఆ ఆఫీసు పూర్తి పేరు 'నిత్యవ్యవహార పదమూల నిర్ధారణ సంస్థ'. అంత పేరు పలికే ఓపిక లేక జనం చిన్నమాటల ఆఫీసనేవారు. దాని డైరెక్టరు గారు ఆ ముందు ఏడు పరిశీలన నిమిత్తం పన్నెండు రోజులు ఐర్లాండు దేశం వెళ్లొచ్చారు. ఏం పరిశీలించాలో వెళ్లేదాకా నిర్ణయం కాలేదు. అక్కడ ఒక టీకొట్టులో కూర్చుని ఉండగా, కొట్టు నడిపే ముసలమ్మ వాళ్ల భాషలో కిటికీకి ఉన్న మాట చెప్పిందట. ఆ మాట వాళ్లది కాదట. వెయ్యేళ్ల నాడు ఉత్తరాది నుంచి ఓడల మీద వచ్చినవాళ్లు వదిలిపెట్టి పోయారట. దాని అసలర్థం 'గాలి కన్ను' అట. బూటుకు ఉన్న మాటా వాళ్లిచ్చిందేనట.

"మరి తిరిగి ఇచ్చేశారా?" అని అడిగారట డైరెక్టరు గారు.

ఆమె నవ్విందట. డైరెక్టరు గారు నవ్వలేదు.

తిరిగొచ్చిన పదోరోజున ఉత్తర్వు వెలువడింది. ఇకమీదట ఏ ప్రభుత్వ కార్యాలయానికి పెట్టుకునే దరఖాస్తులోనైనా సరే, రోజూ నోట్లో నలిగే ప్రతి చిన్నమాటకూ పుట్టుకపత్రం జతపరచవలెను. అరువు మాటైన పక్షంలో, ఇచ్చినవారి నుండి నిరభ్యంతర పత్రం పొందవలెను. పుస్తకాలలో మాత్రమే కనిపించు పెద్దమాటలకు మినహాయింపు కలదు, ఏలయనగా వాటిని సామాన్యులు దుర్వినియోగం చేయు అవకాశం లేదు.

దాంతో పాటు ఒక అనుబంధం వచ్చింది. ఆ ఐర్లాండు భాషలో 'అవును', 'కాదు' అనే మాటలే లేవని తెలిసినందున, కార్యాలయాలలో ఆ రెండు మాటలూ తక్షణం నిలిపివేయవలెనని. ఈ అనుబంధం అమలుకు మాత్రం ఎక్కడా ఏ ఇబ్బందీ ఎదురు కాలేదు. ఆఫీసుల్లో ఆ రెండు మాటలూ విన్నవాళ్లు అంతకుముందూ ఎవరూ లేరు.

చిన్నమాటల ఆఫీసు నందిగుంట శాఖ సరిగ్గా వైకుంఠయ్య ఇంటి ఎదుట, పాత ధాన్యం గిడ్డంగిలో తెరిచారు. రేషను కార్డు కావాలన్నా, పొలం హద్దు చూడాలన్నా ముందు ఇక్కడికి రావలసిందే. చుట్టుపక్కల ముప్పై ఊళ్ల జనం ఆ గిడ్డంగి ముందు ఎండలో బారులు తీరేవారు. చలివేంద్రం పెట్టే జాగా కూడా ఆఫీసు ఆవరణలోకే పోయింది. అందుకని ఆ ఏడు అనుమతి అక్కడే తీసుకోవాలన్నారు.

ఎనిమిదో తరగతి చదివిన వైకుంఠయ్య తన దరఖాస్తు తానే రాసుకున్నాడు. "అయ్యా, తమ ఆఫీసు ఎదుట రోడ్డు పక్కన చలివేంద్రం పెట్టి నీళ్లు, మజ్జిగ పోయుటకు అనుమతి ఇప్పించ ప్రార్థన. ఆరు కుండలు, పన్నెండు గ్లాసులు, ఒక బల్ల, ఒక కుర్చీ వాడతాను."

దాన్ని అందుకున్నది సుగుణాకరం. పదవీ విరమణకు ఏడాదిన్నర ఉన్న గుమాస్తా. గుమాస్తా అనే మాట పారశీ నుంచి వచ్చిందని తేలడంతో ఆ నెల నుంచి ఆయన ఏమీ కాకుండా పోయాడు. అయినా పనికి వస్తూనే ఉన్నాడు.

"బావగారూ, ఇన్ని అరువు మాటలేంటండీ? మీ చుట్టాన్ని గనక చెప్తున్నా వినండి," అన్నాడు ఎర్రసిరా గీతలు గీస్తూ. "గ్లాసు పత్రానికి లండనుకి రాయాలి. కుర్చీకైతే అరబ్బు దేశానికి. ఏ అరబ్బు దేశమో ఇంకా తేల్లేదు. ఇప్పటికి నాలుగు దేశాలకు రాశాం, ఒక దేశం వాళ్లు కుర్చీల ధరల పట్టిక పంపించారు."

"మరేం చేద్దామండీ?"

"గ్లాసు తీసేసి చెంబు రాయండి. కుర్చీ తీసేసి పీట. రోడ్డు పక్కన అనకండి, దారి పక్కన అనండి. ఆఫీసుకి కార్యాలయం అని పెట్టండి, అది పెద్దమాట, దాన్నెవరూ అడగరు."

వైకుంఠయ్య మూడుసార్లు తిరగరాశాడు. చివరికి ఒక్క మాట మిగిలింది. ఆ ఒక్కదాన్ని పట్టుకుని ఇద్దరూ నిర్ధారణాధికారి ప్రభంజనరావు గారి ముందు నిలబడ్డారు.

ప్రభంజనరావు లంచం తీసుకునే మనిషి కాదు. తీసుకునే మనిషైతే ఊరికి ఇంత కష్టం వచ్చేది కాదు. నిబంధన అంటే ఆయనకు వైకుంఠయ్యకు దేవుడంటే ఉన్నంత గురి.

"చలివేంద్రం," అన్నాడాయన కళ్లు మూసుకుని. "ఇందులో చలి మనదే, నిర్ధారితము. వేంద్రం విషయమై పండితులలో ఏకాభిప్రాయము లేదు. కావున తమ విన్నపమును పాక్షికముగా ఆమోదించడమైనది. చలి వరకు పెట్టుకొనవచ్చును. వేంద్రం పరిశీలనలో ఉన్నది."

బయట ఎండ నలభై మూడు డిగ్రీలుంది.

"చలి వరకంటే... ఎట్లా పెట్టాలండి?" అన్నాడు వైకుంఠయ్య.

"అది అమలు విభాగము వారి పని. సరే, రెండవది. ఉపనిబంధన పద్నాలుగు ప్రకారం, మాట ఒకచోట పుట్టి ఆ వస్తువు మరొకచోట పుట్టినచో దస్త్రములలో వైరుధ్యము రాగలదు. మజ్జిగ అను మాట నిర్ధారితమే. మజ్జిగ మాట సరే, మీ మజ్జిగ మూలమేమి?"

అబద్ధం చెప్పొచ్చు. పెరుగు చిలికితే వచ్చిందండీ అంటే సరిపోయేది. కానీ ఇరవై రెండేళ్ల తర్వాత ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆయనే. వైకుంఠయ్య ఇక ఆగలేదు. పిల్లీ, గోడా, నీలంపువ్వుల గిన్నే, మొత్తం చెప్పేశాడు.

ప్రభంజనరావు ముఖం వెలిగింది. "అరువు! అనగా తమరు ఇన్నేళ్లుగా బాకీ ఉన్న మజ్జిగను ప్రజలకు పంపిణీ చేసినారు."

"చేశానండి."

"ఇచ్చినవారి బాకీ తీరి, వారు నిరభ్యంతరము తెలియజేయు వరకు తమ కుండలు ఆవరణలోనికి అనుమతింపబడవు."

వైకుంఠయ్య దణ్ణం పెట్టి, తిరిగి, మళ్లీ ఆగాడు. ఆయన వెటకారం ఎరగడు. తెలియక అడిగాడు, అంతే. "అయ్యా, ఒక్క సందేహం. తమరు కూర్చున్న కుర్చీకి పత్రం వచ్చిందాండి?"

ప్రభంజనరావు నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయన ఆ కుర్చీలో కూర్చోగా ఎవరూ చూడలేదు.

సాయంత్రానికి ఆఫీసు కుర్చీలన్నీ వరండాలోకి వచ్చాయి. మర్నాడు ఫ్యాన్లు ఆపేశారు. ఆ మర్నాడు కిటికీలు మూసేశారు. కిటికీ మాట హిందీ వాళ్లదని తేలింది గనక, పత్రం వచ్చేదాకా దాన్ని తెరవడం నిబంధనకు విరుద్ధమన్నారు. సీసాలు, జగ్గులు బీరువాలో పెట్టబోయారు. బీరువా మాట ఎవరిదో ముగ్గురు మూడు దేశాల పేర్లు చెప్పడంతో వాటిని బీరువా పక్కన నేల మీద పెట్టి, పైన గుడ్డ కప్పారు. నీళ్లు మనవే గాని తాగడానికి ఏ గిన్నె మనదో తేల్చేవారు లేక, పదకొండు మంది సిబ్బంది దొడ్లో కొళాయి దగ్గర దోసిలి పట్టి తాగారు. కొళాయి మాట సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తబోయిన ఒకాయన్ని మిగతా పదిమందీ చూసిన చూపుకే ఆయన ఊరుకున్నాడు.

నవమి వచ్చింది. ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ జాగాలో పందిరి లేదు. కుండలు వైకుంఠయ్య వాకిట్లో బోర్లించి ఉన్నాయి.

"ఏం సామీ, ఈ యేడు కుండలు పెట్టలా?" బారులో నిలబడ్డ ఒక ముసలాయన తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ అడిగాడు. "మీ మజ్జిగుందిలే అని చెంబు గూడా తెచ్చుకోలా."

వైకుంఠయ్య ఆయన్ని ఇంట్లోకి పిలిచి నీళ్లిచ్చాడు. ఆయన వెనకాలే ఇద్దరొచ్చారు. ఇద్దరి వెనకాల నలభై మంది లేచారు. అది చూసి ప్రభంజనరావు గుమ్మంలోకి వచ్చి, బారు వదిలి వెళ్లినవారి వరుససంఖ్య చెల్లదని ప్రకటించాడు. జనం మళ్లీ ఎండలోకే పోయారు.

"మొక్కు నా ప్రాణానికి మొక్కింది," అంది వరాలమ్మ ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ. "పెరుగు ఎవరిదో తేల్చుకునే లోపల ఆ బారులో ఒక ఆడమనిషి నాలాగే కళ్లు తేలేస్తే, దేవుడు ఎవర్ని అడుగుతాడు? హుసేన్‌బీనా, మిమ్మల్నా?"

వైకుంఠయ్య ఆ పూట పెరుగు వేసుకోలేదు.

సుగుణాకరం కూడా ఊరుకోలేదు. కుర్చీ లేని కాళ్ల నొప్పితో డైరెక్టరు గారికి స్వయంగా రాశాడు: ఉత్తర్వును రద్దు చేయ ప్రార్థన. తొమ్మిదో రోజు జవాబొచ్చింది. "రద్దు అను మాట అరబ్బీ నుండి అరువు తెచ్చుకున్నదిగా మా దృష్టికి వచ్చినది. సదరు మాటకు నిరభ్యంతర పత్రం అందు వరకు ఏ ఉత్తర్వునూ రద్దు చేయుటకు వీలుపడదని తెలియజేయడమైనది." ఎత్తేయండి అని రాసుంటే బాగుండేదని సుగుణాకరానికి తర్వాత తోచింది. మళ్లీ రాయబోతే కాగితం వాడకం మీద కొత్త ఉత్తర్వు వచ్చి ఉంది.

రోహిణి కార్తె మొదలైన మూడో రోజు మధ్యాహ్నం, మూసిన కిటికీ పక్కన నిలబడి నలభయ్యో విన్నపం చదువుతూ ప్రభంజనరావు కూలిపోయాడు.

"సార్ పడిపోయారు! సార్ పడిపోయారు!"

పదకొండు మందిలో మోయగలిగిన స్థితిలో ఉన్నది నలుగురు. ఆయన్ని ఎత్తుకుని, నీడ ఎక్కడ దగ్గరుంటే అక్కడికి, వైకుంఠయ్య అరుగు మీదికి చేర్చారు. వరాలమ్మ తడిబట్ట తెచ్చింది. ఈలోగా పక్కింటి తలుపు తెరుచుకుంది. హుసేన్‌బీ తన పెరుగుకుండ చంకన పెట్టుకుని వచ్చింది. భర్త కాసిం పోయాక కుట్టుమిషను మీదే బతుకుతున్న మనిషి. కళ్లు మసకబారినా కుట్టు వంకరపోదు.

"జరగండయ్యా, గాలి ఆడనీయండి! మీరంతా మీదబడి చూస్తే లేస్తాడా?" అంటూ ఉప్పేసి, చిలికి, మొదటి చెంబు ఆయన నోటికి పట్టింది. తర్వాతది సుగుణాకరానికిచ్చింది. ఆ తర్వాత ఎవరు చేయి చాస్తే వాళ్లకు. ఆఫీసు వాళ్లూ తాగారు, బారులోంచి ఊగుతూ వచ్చిన ముసలివాళ్లూ తాగారు. కుండలో నీళ్లు పోసి కడిగి ఆ కడుగు కూడా పోసింది.

ప్రభంజనరావు కళ్లు తెరిచాడు. పెదవుల మీద తెల్లటి గీత. "దీని మూలమేమి?" అన్నాడు.

"మా ఇంటి కుండ సార్," అంది హుసేన్‌బీ. "ఇప్పుడు ఖాళీ."

ఆయన లేచి కూర్చోబోతే వరాలమ్మ కూర్చోనివ్వలేదు. "పడుకోండి బాబూ. ఎండ వాలేదాకా మీరెక్కడికీ కదిలేది లేదు. ఇది అరుగు. మా మామగారు కట్టించింది. దీనికెవరి పత్రమూ అక్కర్లేదు."

ఆయన పడుకున్నాడు. సాయంకాలం దాకా ఆ అరుగు మీద పడుకుని, ఎదురుగా తన ఆఫీసు ముందు బారును చూశాడు. బారు వైపు నుంచి ఆయన దాన్ని చూడడం అదే మొదలు.

పొద్దు గూకేవేళ హుసేన్‌బీ మళ్లీ వచ్చింది. చేతిలో నీలంపువ్వుల గిన్నె. ఒక పక్క చిన్న పెచ్చు ఊడింది గాని గిన్నె అదే.

"అన్నయ్యా, కుండ కడిగి పోశాను గదా, తోడుకి కూడా మిగల్లేదు. రాత్రికి పాలు కాచి పెట్టుకున్నా. చెంచాడు తోడిస్తావా?"

వైకుంఠయ్య నిలబడిపోయాడు.

"అది నీదే గదా చెల్లెమ్మా," అన్నాడు. "ఆనాడు నువ్విచ్చిందే రోజూ తోడుకుంటా వస్తోంది. నీది నీకిస్తే బాకీ ఎట్లా తీరుద్ది? ఇరవై రెండేళ్లుగా నాకదే..."

"ఏంటీ, ఆ చెంచాడు పెరుగు సంగతి ఇంకా మోస్తన్నావా?" హుసేన్‌బీ నోరు తెరిచి వరాలమ్మ వైపు తిరిగింది. "వదినా, నిజంగానేనా?"

"పెరుగు వేసుకున్నప్పుడల్లా," అంది వరాలమ్మ.

"నాదెక్కడుందన్నయ్యా? నాది ఇందాక ఈ సారు తాగేశారు. ఇరవై రెండేళ్లు మీ ఇంటి పాలు తాగి, మీ కుండలో పెరిగినదాన్ని పట్టుకుని ఇంకా హుసేన్‌బీదే అంటే నవ్వరూ? అయినా నేనేమన్నా పుట్టింటి నుంచి మూటగట్టుకొచ్చానా? నాకు మా అత్త ఇచ్చింది. ఆమెకెవరిచ్చారో అల్లాకెరుక. ఇవాళ నాకు లేదు, నీకుంది. ఉన్నవాళ్లు ఇయ్యాల. అంతేగా?"

వైకుంఠయ్యకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఇంత సుళువైన జవాబు గోడ అవతలే ఉంటే, తను ఇన్నేళ్లూ పూజారిని అడిగాడు.

అరుగు మీంచి గొంతు సవరించుకున్న చప్పుడైంది. ప్రభంజనరావు లేచి కూర్చున్నాడు. "ఇచ్చినవారికి అభ్యంతరము లేదని దీనివలన గ్రహించవచ్చునా?"

"అభ్యంతరమా? ఇవ్వకపోతే అభ్యంతరం సార్. రేపు పొద్దున నాకు మజ్జిగ ఉండదు."

"నమోదు చేయవలెను. సుగుణాకరం, కాగి..." అని ఆయన ఆగిపోయాడు. కాగితం లేదు. కలం లేదు. సంతకం ఎవరి మాటో ఇంకా తేలలేదు. ఆయన బారు వైపు చూశాడు. బారులో పిల్లాణ్ణి భుజానేసుకుని నిలబడ్డ ఒకామె కాలు మార్చి కాలు వేసింది. తన నాలుక మీద ఇంకా ఉన్న ఉప్పు ఆయనకు తెలుస్తున్నట్టుంది.

"పెట్టుకోండి," అన్నాడు.

"చలి వరకేనా సార్?" సుగుణాకరం జాగ్రత్తగా అడిగాడు. "వేంద్రం కూడానా?"

"కుండలు పెట్టుకోండి. నీళ్లు పోయండి. మజ్జిగ పోయండి." ఆయన సుగుణాకరం వైపు తిరిగి, ఇంకా చిన్న గొంతుతో అన్నాడు: "వెళ్లి ఆ కిటికీలు తెరువు."

వరాలమ్మ చేతిలో అగ్గిపెట్టె ఉంది. "మీరు మాట్లాడుకుంటా కూర్చోండి, దీపాల వేళ దాటిపోతోంది. దీపం పెట్టాక తోడు ఇవ్వకూడదని తెలీదూ?"

వైకుంఠయ్య గబగబా లోపలికి పోయాడు. గిన్నె మూత తీసి, మీగడ పక్కకు జరిపి, అడుగు గట్టి పెరుగులోంచి చెంచా నిండా తీశాడు. ఒక చుక్క గడప మీద పడింది. రెండో చెయ్యి చెంచా కింద పట్టుకుని నడిచి వచ్చి, నీలంపువ్వుల మధ్య జారవిడిచాడు.

హుసేన్‌బీ గిన్నె కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, కొంగు కప్పుకుంది.

"ముట్టిందన్నయ్యా," అంది.

వరాలమ్మ అగ్గిపుల్ల గీసింది.